ఫోలేట్ నిరోధక ఔషధాలు

ఫోలేట్ అనే బి-వర్గపు విటమిన్ కణాల్లో నిర్వర్తించే పనిని అడ్డగించి, తద్వారా వేగంగా విభజన చెందే కణాల పెరుగుదలను నిలువరించే మందులను ఫోలేట్ నిరోధక ఔషధాలు అంటారు. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్ మొదలుకొని కీళ్లవాతం, సోరియాసిస్, మలేరియా, మూత్రనాళ ఇన్ఫెక్షన్ల వరకు, పైకి ఒకదానితో ఒకటి పొంతన లేనట్లు కనిపించే అనేక వ్యాధుల చికిత్సలో ఇవి వాడుకలో ఉన్నాయి. మెథోట్రెక్సేట్, ట్రైమెథోప్రిమ్, పైరిమెథమిన్, పెమెట్రెక్సెడ్ వీటిలో ముఖ్యమైనవి కాగా, సల్ఫా మందులు కూడా ఇదే జీవరసాయన మార్గాన్ని మరోచోట అడ్డుకుంటాయి. ఒక వ్యాధి శరీరంలో ఏ విధంగా పుడుతుంది, ఒక మందు ఏ విధంగా పనిచేస్తుంది అనే రెండు ప్రశ్నలను విశ్వవిద్యాలయ ప్రయోగశాలలు, ఆసుపత్రులు ఏ తీరున పరిశోధిస్తూ వచ్చాయో తెలుసుకోవడానికి ఈ ఔషధాల చరిత్ర చక్కని ఉదాహరణ. ఈ చరిత్రలో జ్ఞానం ఎప్పుడూ ఒకే దిశలో నడవలేదు. వ్యాధి మూలం తెలిసిన తరువాత మందు దొరికిన సందర్భాలు ఎన్ని ఉన్నాయో, మందు పనిచేసే తీరును వెతుకుతూ పోగా కణంలోని రహస్యాలు బయటపడిన సందర్భాలు కూడా అన్ని ఉన్నాయి.

ఫోలేట్ స్వరూపం, విధులు

ఫోలేట్ అణువులో మూడు భాగాలు ఉంటాయి. మొదటిది నత్రజని పరమాణువులతో కూడిన జంట వలయమైన టెరిడిన్, రెండవది పారా అమినో బెంజోయిక్ ఆమ్లం, మూడవది గ్లుటామిక్ ఆమ్లం. టెరిడిన్ అనే పేరుకు రెక్క అని అర్థమిచ్చే గ్రీకు పదం మూలం. 19వ శతాబ్దం చివరలో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ గోలండ్ హాప్కిన్స్ సీతాకోకచిలుకల రెక్కల్లోని తెలుపు, పసుపు వర్ణకాలను అధ్యయనం చేయగా, వాటి నిర్మాణం తేలిన తరువాత ఈ వలయానికి ఆ పేరు వచ్చింది. మొక్కలు, సూక్ష్మజీవులు ఫోలేట్‌ను స్వయంగా తయారు చేసుకోగలవు. మనిషి శరీరానికి ఆ శక్తి లేదు కనుక ఆకుకూరలు, పప్పుధాన్యాలు, కాలేయం వంటి ఆహార పదార్థాల ద్వారానే అది లభించాలి.

కణంలో ఫోలేట్ చేసే పనిని ఒక్క మాటలో చెప్పాలంటే, ఒకే కర్బన పరమాణువు గల చిన్న సమూహాలను ఒక అణువు నుంచి మరొక అణువుకు చేరవేయడం. జన్యుపదార్థమైన డీఎన్‌ఏకు అవసరమైన ప్యూరిన్ల తయారీలో రెండు కర్బన పరమాణువులు ఈ విధంగానే వచ్చి చేరుతాయి. డీఎన్‌ఏలో మాత్రమే ఉండే థైమిన్ అనే క్షారం కూడా ఫోలేట్ అందించే కర్బనంతోనే రూపొందుతుంది. ఈ థైమిన్ చర్యలో ఒక ప్రత్యేకత ఉంది. మిగిలిన చర్యల్లో కర్బనాన్ని ఇచ్చిన ఫోలేట్ తన క్రియాశీల రూపమైన టెట్రాహైడ్రోఫోలేట్‌గానే మిగులుతుంది. ఇక్కడ మాత్రం అది కర్బనంతో పాటు హైడ్రోజన్‌ను కూడా వదులుకొని, పనికిరాని డైహైడ్రోఫోలేట్‌గా మారిపోతుంది. దాన్ని తిరిగి పనికి వచ్చే రూపంలోకి తెచ్చే ఎంజైమ్, అంటే రసాయన చర్యను వేగవంతం చేసే ప్రొటీన్, డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. ఈ ఎంజైమ్ ఆగిపోతే, విభజనకు సిద్ధమై థైమిన్‌ను ఎక్కువగా తయారు చేసుకుంటున్న కణంలోనే ఫోలేట్ నిల్వలు అన్నింటికన్నా ముందు అడుగంటుతాయి. ఈ వర్గపు ప్రధాన ఔషధాల శక్తికి, వాటి విషప్రభావానికి కూడా ఇదే ఆధారం.

లోపవ్యాధి నుంచి విటమిన్ వరకు

ఈ పరిశోధనకు బీజం పడింది భారతదేశంలోనే. లండన్‌లోని మహిళా వైద్య పాఠశాలలో చదివిన లూసీ విల్స్ 1928లో బొంబాయికి వచ్చి, నూలు మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులను పీడిస్తున్న తీవ్రమైన రక్తహీనతపై పరిశోధన ఆరంభించారు. ఆ స్త్రీల రక్తంలో ఎర్రకణాలు తక్కువగా ఉండటమే కాక, ఉన్నవి అసాధారణమైన పెద్ద పరిమాణంలో ఉండేవి. ఇది క్రిముల వల్ల వచ్చిన జబ్బు కాదని, తినే తిండిలోని లోపం వల్ల వచ్చినదని ఆమె గుర్తించారు. ఆ పేద స్త్రీలు తినే ఆహారాన్ని పోలిన ఆహారం పెట్టిన కోతులకు రక్తహీనత రావడం, ఈస్ట్ సారంతో అది నయం కావడం గమనించి, అదే సారాన్ని రోగులకు ఇవ్వగా వారు కోలుకున్నారు. ఈ ఫలితాలను ఆమె 1931లో ప్రకటించారు. ఆ సారంలోని గుణకారి పదార్థం ఏమిటో అప్పటికి తేలలేదు కనుక శాస్త్రవేత్తలు దానిని చాలాకాలం విల్స్ కారకం అని వ్యవహరించారు.

కణాలు పెద్దవి కావడానికి కారణం తరువాతి పరిశోధనల్లో స్పష్టమైంది. ఫోలేట్ కొరవడినప్పుడు ఎముక మూలుగలోని కణం డీఎన్‌ఏను సకాలంలో పూర్తి చేసుకోలేక విభజనను వాయిదా వేస్తుంది, కాని కేంద్రకం వెలుపలి భాగంలో ప్రొటీన్ల తయారీ ఆగకుండా సాగుతూనే ఉంటుంది. ఫలితంగా కణం రెండుగా చీలవలసిన సమయంలో చీలక, ఉబ్బుతూ పోతుంది. సూక్ష్మదర్శిని కింద కనిపించే ఆ పెద్ద కణం ఆగిపోయిన విభజనకు ఆనవాలు.

1941లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో హెర్షెల్ మిచెల్, ఎస్మండ్ స్నెల్, రోజర్ విలియమ్స్ నాలుగు టన్నుల పాలకూర నుంచి కొద్దిపాటి క్రియాశీల పదార్థాన్ని వేరుచేసి, ఆకు అని అర్థమిచ్చే లాటిన్ పదం నుంచి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. ఆ తరువాతి ఘట్టంలో ప్రధాన పాత్ర వహించిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో అమెరికాలోని హార్వర్డ్‌కు చేరిన ఆయన, అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. కండరాల్లో శక్తి నిల్వకు తోడ్పడే ఫాస్ఫోక్రియాటిన్‌ను, కణానికి శక్తినిచ్చే ఏటీపీని వెలికితీసిన పరిశోధనల్లో వారిద్దరికీ భాగముంది. హార్వర్డ్‌లో శాశ్వత అధ్యాపక పదవి లభించకపోవడంతో 1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అక్కడి పరిశోధనా విభాగానికి సారథ్యం వహించారు. పేగులు ఆహారాన్ని పీల్చుకోలేక మనిషి క్షీణించిపోయే స్ప్రూ వ్యాధికి తన సోదరుడు బలి కావడం ఆయన మనసులో చెరగని ముద్ర వేసింది. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయగా, అది గర్భిణుల రక్తహీనతకే గాక స్ప్రూ వ్యాధికి కూడా మందు అయింది. బోదకాలు నివారణకు నేటికీ తెలుగు జిల్లాల్లో పంచిపెట్టే డైఇథైల్ కార్బమజిన్ మాత్ర కూడా ఆయన నాయకత్వంలోని పరిశోధనల ఫలితమే.

బోస్టన్ ప్రయోగం

విటమిన్ నిర్మాణం తెలిసిన తరువాత, దానిని పోలి ఉండి దాని పనిని మాత్రం చేయలేని అణువులను తయారు చేయడం సాధ్యమైంది. లెడర్లీ రసాయన శాస్త్రజ్ఞులు టెరిడిన్ వలయంలో నాలుగవ స్థానంలో ఉన్న ఆక్సిజన్‌ను తొలగించి, అక్కడ అమినో సమూహాన్ని అమర్చి 1947లో అమినోప్టెరిన్‌ను రూపొందించారు. దీనికి పదవ స్థానంలోని నత్రజనిపై ఒక మిథైల్ సమూహాన్ని కూడా చేర్చగా ఏర్పడినదే మెథోట్రెక్సేట్. విటమిన్‌కు, దాని విరోధికి మధ్య తేడా ఇంత స్వల్పం.

హార్వర్డ్ వైద్య పాఠశాలకు అనుబంధమైన బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో వ్యాధి నిర్ధారణ శాస్త్రజ్ఞుడు సిడ్నీ ఫార్బర్ తీవ్ర ల్యుకేమియాతో చనిపోతున్న పిల్లలను చూస్తూ ఉండేవారు. ల్యుకేమియా అంటే ఎముక మూలుగలో అపరిపక్వ తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగి, ఆరోగ్యకరమైన కణాలకు చోటు లేకుండా చేసే రక్త క్యాన్సర్. అప్పట్లో అది సోకిన బిడ్డ వారాల్లోనో నెలల్లోనో మరణించక తప్పేది కాదు. ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలు ఇచ్చిన పిల్లల్లో జబ్బు మరింత వేగం పుంజుకున్నట్లు ఫార్బర్‌కు తోచింది. ఈ విటమిన్ వ్యాధికణాలకు ఆహారమవుతున్నట్లయితే, దానిని దక్కకుండా చేసే పదార్థం వాటిని ఆపగలదని ఆయన తర్కించి, సుబ్బారావు బృందం అందించిన అమినోప్టెరిన్‌ను 1947 చివరలో పిల్లలకు ఇవ్వసాగారు. 1948 జూన్‌లో ప్రచురించిన వ్యాసంలో, మందు తీసుకున్న 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగుదల కనిపించిందని, ఆ మేలు తాత్కాలికమేనని ఆయన వివరంగా తెలియజేశారు. అయినప్పటికీ, ఒక రసాయనం వ్యాధికణాలను తగ్గించి మూలుగను కొంతకాలమైనా సాధారణ స్థితికి తేగలదని రుజువు కావడంతో క్యాన్సర్ చికిత్సలో కొత్త శకం మొదలైంది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో మరణించారు.

1956లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ మెథోట్రెక్సేట్‌తో కోరియోకార్సినోమాకు, అంటే మావి కణజాలం నుంచి పుట్టి ఊపిరితిత్తుల వరకు పాకే క్యాన్సర్‌కు, చికిత్స చేసి సత్ఫలితాలు సాధించారు. కేవలం మందుతో పూర్తిగా నయమైన మొట్టమొదటి గడ్డ క్యాన్సర్ అదే. పిల్లల ల్యుకేమియాలో ఒక్క మందు ఇస్తే వ్యాధి తిరగబెడుతుందని తేలడంతో, వేర్వేరు విధాలుగా పనిచేసే పలు మందులను కలిపి ఇవ్వడం, మెదడులో దాగిన కణాలను చేరుకోవడానికి వెన్నుపాము ద్రవంలోకి మెథోట్రెక్సేట్‌ను ఎక్కించడం వంటి పద్ధతులు క్రమంగా వచ్చాయి. నేడు మంచి వైద్య సదుపాయాలున్న దేశాల్లో లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా సోకిన పిల్లల్లో 10 మందికి సుమారు 9 మంది బతుకుతున్నారు.

ఔషధ చర్య

పిల్లలకు మందు అందిన నాటికి అది కణంలో దేనిని పట్టుకుంటుందో ఎవరికీ తెలియదు. ఆ సమాధానం 1958లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. అక్కడ మేరీ జేన్ ఆస్బర్న్, ఫ్రాంక్ హ్యూనెకెన్స్ తదితరులు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ రెండూ డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌ను నిరోధిస్తాయని నిరూపించారు. 1977లో శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ క్రౌట్ బృందం మెథోట్రెక్సేట్‌తో కలిసి ఉన్న బ్యాక్టీరియా ఎంజైమ్‌ను స్ఫటికంగా మార్చి, ఎక్స్-కిరణాల సాయంతో దాని ఆకృతిని వెల్లడించింది. ఎంజైమ్ మధ్యనున్న లోతైన గాడిలో మందు ఇమిడిపోయి ఉంటుంది. ఆక్సిజన్ స్థానంలో చేరిన అమినో సమూహం వల్ల టెరిడిన్ వలయానికి క్షార స్వభావం పెరిగి, అది ధనావేశాన్ని పొంది, గాడి అడుగున ఉన్న ఆమ్ల సమూహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. విటమిన్ కూర్చునే భంగిమతో పోలిస్తే మందులోని వలయం తలకిందులుగా కూర్చుంటుందని కూడా తేలింది. పైపోలికలో ఒకటిగానే ఉన్న రెండు అణువుల్లో ఒకటి చర్యకు లోనై బయటకు వెళ్లిపోతుంటే, రెండవది గాడిని వదలకుండా ఎందుకు ఉండిపోతుందో దీనివల్ల అర్థమైంది.

ఈ చర్య మొత్తాన్ని పరిశీలిస్తే మెథోట్రెక్సేట్ చేసేది కృత్రిమంగా ఫోలేట్ లోపాన్ని కలిగించడమే. మందు తీసుకుంటున్న రోగి మూలుగలో కనిపించే పెద్ద కణాలు బొంబాయి మిల్లు కార్మికురాలి మూలుగలోని కణాలను పోలి ఉండటం ఇందుకు నిదర్శనం. దుష్ప్రభావాలు కూడా చాలావరకు అదే సూత్రాన్ని అనుసరించి, నిత్యం విభజన చెందే కణాలున్న చోటనే తలెత్తుతాయి. నోటిలో పుండ్లు, విరేచనాలు, తెల్లకణాల తగ్గుదల, జుట్టు రాలడం వంటివి ఈ కారణంగానే వస్తాయి. అధిక మోతాదు ఇచ్చినప్పుడు కొన్ని గంటల తరువాత ల్యూకోవోరిన్ అనే ఫోలేట్ రూపాన్ని ఇస్తారు. దానిని క్రియాశీలం చేయడానికి ఆగిపోయిన ఎంజైమ్ అవసరం లేదు కనుక ఆరోగ్యకరమైన కణాలు తేరుకుంటాయి. మందు మూత్రపిండాల ద్వారా బయటకు పోవలసి ఉన్నందున రక్తంలో దాని స్థాయిని కొలుస్తూ, మూత్రాన్ని క్షార స్థితిలో ఉంచుతూ చికిత్స సాగిస్తారు.

కణంలోకి ప్రవేశించిన మెథోట్రెక్సేట్‌కు ఒక ఎంజైమ్ అదనపు గ్లుటామేట్ అణువులను గొలుసుగా తగిలిస్తుంది. ఆ గొలుసు ఏర్పడిన తరువాత మందు కణాన్ని సులభంగా దాటిపోలేదు కనుక దాని ప్రభావం చాలాకాలం నిలుస్తుంది. ఈ గొలుసులు పొడవుగా ఏర్పడే ల్యుకేమియా రకాల్లో మందు బాగా పనిచేయడానికి కారణం ఇదే.

ఔషధ నిరోధకత

మొదట లొంగిన క్యాన్సర్ కణాలు తరువాత మందును లెక్కచేయకపోవడం వైద్యులను చాలాకాలం కలవరపరచింది. 1978లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ షిమ్కే బృందం మెథోట్రెక్సేట్‌కు అలవాటుపడిన ఎలుక కణాలను పరీక్షించి, వాటిలో డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ జన్యువు ఒకటికి బదులు అనేక నకళ్లుగా పెరిగిపోయిందని కనుగొన్నది. ఎంజైమ్ అంతకంతకు ఎక్కువగా తయారవుతుంటే, ఉన్న మందు దాన్నంతటినీ ఆపడానికి చాలదు. జన్యువుల సంఖ్య స్థిరమని భావిస్తున్న రోజుల్లో ఈ ఫలితం జన్యుశాస్త్రాన్ని కూడా కొత్త దారి పట్టించింది. ఇది గాక, మందును లోపలికి చేరవేసే వాహక ప్రొటీన్ తగ్గిపోవడం, ఎంజైమ్ ఆకృతి స్వల్పంగా మారిపోవడం, గ్లుటామేట్ గొలుసు సరిగా ఏర్పడకపోవడం అనేవి నిరోధకతకు ఇతర కారణాలు.

సూక్ష్మజీవులపై ప్రయోగం

సూక్ష్మజీవులు ఫోలేట్‌ను స్వయంగా తయారు చేసుకుంటాయన్న తేడాయే సల్ఫా మందుల విజయానికి మూలం. 1935లో జర్మనీలో గెర్హార్డ్ డొమాక్ ప్రాంటోసిల్ అనే ఎర్రరంగు పదార్థం స్ట్రెప్టోకాకస్ సోకిన ఎలుకలను కాపాడుతుందని ప్రకటించగా, శరీరంలో దాని నుంచి విడుదలయ్యే సల్ఫనిలమైడే అసలు మందు అని పారిస్‌లోని పాశ్చర్ సంస్థ నిరూపించింది. 1940లో లండన్‌లో డొనాల్డ్ వుడ్స్ పారా అమినో బెంజోయిక్ ఆమ్లాన్ని చేర్చితే సల్ఫా మందు శక్తి నశిస్తుందని కనుగొని, రెండింటి ఆకృతి ఒకే విధంగా ఉన్నందువల్ల అవి ఒకే చోటు కోసం పోటీ పడుతున్నాయని వివరించారు. ఒక మందు చర్యను ఎంజైమ్ స్థాయిలో వివరించిన తొలి ఉదాహరణల్లో ఇది ఒకటి.

జార్జ్ హిచింగ్స్, గెర్‌ట్రూడ్ ఎలియన్ పనిచేసిన బరోస్ వెల్‌కమ్ ప్రయోగశాల నుంచి ట్రైమెథోప్రిమ్, పైరిమెథమిన్ వెలువడ్డాయి. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ దాదాపు అన్ని జీవుల్లోనూ ఉన్నా దాని ఆకృతి జీవజాతిని బట్టి కొద్దిగా మారుతుంది. ట్రైమెథోప్రిమ్ మానవ ఎంజైమ్ కన్నా బ్యాక్టీరియా ఎంజైమ్‌ను వేల రెట్లు బలంగా పట్టుకోవడం వల్ల రోగికి హాని లేకుండా క్రిమిని మాత్రమే దెబ్బతీస్తుంది. దీనిని సల్ఫామెథాక్సజోల్‌తో 1:5 నిష్పత్తిలో కలిపిన కోట్రైమోక్సజోల్ ఒకే మార్గాన్ని రెండు చోట్ల అడ్డుకుంటుంది. మలేరియా పరాన్నజీవిలో పైరిమెథమిన్‌కు నిరోధకత మొదలయ్యేది ఎంజైమ్‌లోని 108వ స్థానంలో సెరిన్‌కు బదులు ఆస్పరజిన్ చేరడంతో. ఆ ఒక్క మార్పుతో గాడిలో మందుకు చోటు ఇరుకవుతుంది. హిచింగ్స్, ఎలియన్‌లకు జేమ్స్ బ్లాక్‌తో కలిపి 1988లో నోబెల్ బహుమతి లభించింది.

కీళ్లవాతం, సోరియాసిస్

1951లో రిచర్డ్ గబ్నర్ అమినోప్టెరిన్ కీళ్లవాతాన్ని, సోరియాసిస్‌ను తగ్గిస్తుందని గమనించినా, ఆ ఆలోచన చాలాకాలం మరుగున పడింది. 1985లో హార్వర్డ్‌కు అనుబంధమైన బోస్టన్ ఆసుపత్రిలో మైకేల్ వైన్‌బ్లాట్ నిర్వహించిన పరీక్ష తరువాతే తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ రుమటాయిడ్ కీళ్లవాతానికి ప్రధాన ఔషధంగా స్థిరపడింది. క్యాన్సర్‌కు గ్రాముల లెక్కన కూడా ఇచ్చే మందును ఇక్కడ వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల మేరకే ఇస్తారు. ఫోలిక్ ఆమ్లం మాత్రలు కలిపి ఇచ్చినా వాపు తగ్గించే గుణం చాలావరకు చెడకపోవడాన్ని బట్టి, ఈ మోతాదులో మందు పనిచేసే తీరు వేరని పరిశోధకులు భావిస్తున్నారు. ప్యూరిన్ల తయారీలోని మరొక ఎంజైమ్ నిరోధానికి గురికాగా, వాపును శాంతింపజేసే అడినోసిన్ కణాల వెలుపలికి విడుదలవుతుందని న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ క్రోన్‌స్టీన్ ప్రతిపాదించిన వివరణకు ఆదరణ ఉన్నది. దశాబ్దాలుగా లక్షలాది మంది వాడుతున్న మందు విషయంలో కూడా చర్యావిధానంపై చర్చ ముగియలేదు.

తరువాతి తరం ఔషధాలు

1957లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఛార్లెస్ హైడెల్‌బర్గర్ రూపొందించిన ఫ్లోరోయురాసిల్ ఫోలేట్‌ను పోలినది కాకపోయినా, థైమిన్ తయారీ ఎంజైమ్‌ను ఫోలేట్‌తో సహా బంధించి నిలిపివేస్తుంది. అందువల్లే ల్యూకోవోరిన్‌ను కలిపి ఇస్తే దాని బలం పెరుగుతుంది. మెథోట్రెక్సేట్ విషయంలో ప్రాణరక్షకంగా నిలిచే అదే పదార్థం ఇక్కడ మందుకు సహాయకారి అవుతుంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ టేలర్, సీతాకోకచిలుక రెక్కల వర్ణకాల్లోనూ ఫోలిక్ ఆమ్లంలోనూ ఒకే వలయం ఉండటం చూసి ఆశ్చర్యపడి, జీవితకాలమంతా ఆ రసాయనాలపై కృషి చేశారు. ఔషధ సంస్థ సహకారంతో ఆయన రూపొందించిన పెమెట్రెక్సెడ్ మూడు ఎంజైమ్‌లను ఏకకాలంలో నిరోధిస్తుంది. ఊపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథీలియోమా క్యాన్సర్‌కు అది 2004లో అమెరికాలో అనుమతి పొందింది. దానితో పాటు ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 తప్పనిసరిగా ఇవ్వడం వల్ల విషప్రభావం గణనీయంగా తగ్గుతుంది.

గర్భస్థ శిశువు, జాగ్రత్తలు

పెరుగుతున్న పిండంలో కణవిభజన అత్యంత వేగంగా సాగుతుంది కనుక అక్కడ ఫోలేట్ కొరత తీవ్రమైన హాని చేస్తుంది. బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి ఏడు దేశాల్లో నిర్వహించి 1991లో ప్రకటించిన పరీక్షలో, లోగడ వెన్నెముక లోపం గల బిడ్డను కన్న తల్లులు ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గుతుందని నిర్ధారణ అయింది. ఇదే కారణంగా గర్భిణులు, గర్భం ధరించబోయేవారు మెథోట్రెక్సేట్ వాడకూడదు. బి12 లోపం ఉన్న వ్యక్తికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తహీనత తగ్గినట్లు కనిపించినా నరాల దెబ్బ ముదురుతూనే ఉంటుంది కనుక, రెండింటిలో ఏది కొరవడిందో తెలుసుకొని చికిత్స చేయాలి. కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్ మాత్రను పొరపాటున ప్రతిరోజూ వేసుకున్నవారిలో మూలుగ దెబ్బతిని ప్రాణాపాయం కలిగిన సంఘటనలు పలు దేశాల్లో నమోదయ్యాయి. అందువల్ల మందుచీటీపై వారం రోజు పేరును స్పష్టంగా రాయడం వైద్యుని విధి, దానిని అడిగి తెలుసుకోవడం రోగి హక్కు.

నేడు భారతదేశంలో ఆశా కార్యకర్తలు గర్భిణులకు ఇచ్చే ఎర్రమాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. బొంబాయి మిల్లు కార్మికురాళ్లకు ఈస్ట్ సారంగా అందినది, భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త నాయకత్వంలో కృత్రిమంగా తయారైనది ఆ పదార్థమే.